పాతబస్తీకి వస్తున్నారా? గాజులు, బిర్యానీతో తిరిగి వెళ్లకండి

పోయిన చలికాలం కర్నూలు నుంచి మా ఖాలా వాళ్లు ఎనిమిది మంది వచ్చారు, పెళ్లి షాపింగ్ పని మీద. గురువారం రాత్రి దిగారు. శుక్రవారం పొద్దున చార్మినార్ ముందు ఫోటోలు దిగారు, లాడ్ బజార్‌లో గాజులు కొన్నారు, మధ్యాహ్నం బిర్యానీ తిన్నారు. సాయంత్రం చౌమహల్లా చూపిస్తానని తీసుకెళ్తే గేటుకు తాళం. సాలార్ జంగ్ మ్యూజియం అయినా చూద్దామంటే అదీ సెలవే. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి గుర్తు లేదు, తప్పు నాదే. రాత్రి బస్సు ఎక్కుతూ ఖాలా అడిగింది: "బేటా, హైదరాబాద్ అంటే ఇంతేనా?"

ఆ ప్రశ్నకు జవాబుగా రాస్తున్నదే ఇది. జిల్లాల నుంచి వచ్చే మన కుటుంబాల్లో చాలామంది పాతబస్తీని బజారుగానే చూసి వెళ్తున్నారు. ఇక్కడ ఉండేవాళ్లం మేమూ అంతే, రోజూ చార్మినార్ పక్కనుంచి బండి మీద పోతాం గానీ మెట్లెక్కి చూసినవాళ్లు మా గల్లీలో ఎంతమందో లెక్కపెడితే ఒక చేతి వేళ్లు చాలు.

ముందుగా అసలు సంగతి చెప్పేస్తాను. చౌమహల్లా ప్యాలెస్, సాలార్ జంగ్ మ్యూజియం, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, మూడూ శుక్రవారం మూసి ఉంటాయి. మిగతా రోజుల్లో పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా తెరిచి ఉంటాయి. నెహ్రూ జూ పార్కుకు సోమవారం సెలవు. చార్మినార్‌కు వారపు సెలవు లేదు. కాబట్టి శని, ఆదివారాలు పెట్టుకుంటే అన్నీ దొరుకుతాయి. ఆదివారం రద్దీ భరించలేమనుకుంటే మంగళ, బుధవారాలు హాయి.

ఊరు ఎలా మొదలైందంటే

గోల్కొండ కోటలో జనం పెరిగి, నీళ్లు చాలక, కుతుబ్ షాహీ సుల్తానులు మూసీ అవతలి ఒడ్డు వైపు చూశారు. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో మూసీ మీద వంతెన కట్టారు. అదే నేటి పురానాపూల్. ఊరి కంటే వంతెన ముందు వచ్చిందన్నమాట. ఇబ్రహీం కొడుకు, ఐదో సుల్తాన్ ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కొత్త నగరానికి నడిబొడ్డున చార్మినార్ కట్టించాడు. నగరానికి నక్షా గీసింది ఆయన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ, ఇరాన్ నుంచి వచ్చిన ఆలిమ్. చార్మినార్‌ను మధ్యలో పెట్టి నాలుగు దిక్కులకూ నాలుగు రోడ్లు వేశారు. నాలుగు వందల ఏళ్లు దాటినా మన ఆటోలు, తోపుడు బండ్లు తిరుగుతున్నది ఆ రోడ్ల మీదే. మీర్ మోమిన్ సమాధి ఉన్న ఖబరస్తాన్‌ను దాయిరా మీర్ మోమిన్ అంటారు, అది కూడా పాతబస్తీలోనే ఉంది. ఊరికి నక్షా ఇచ్చిన మనిషి దగ్గరికి వెళ్లి ఫాతిహా చదివే పర్యాటకులను నేను పెద్దగా చూడలేదు.

చార్మినార్ ఎందుకు కట్టారన్నదానికి గైడ్లు రెండు కథలు చెప్తారు. ప్లేగు తగ్గినందుకు మొక్కుగా అని ఒకటి, భాగమతి ప్రేమ కథ ఇంకోటి. భాగమతి అనే మనిషి నిజంగా ఉన్నదా లేదా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, కాబట్టి ఆ కథను కథగానే వినండి. లెక్కకు అందే విషయం ఒకటుంది. హిజ్రీ 1000వ సంవత్సరం మొదలైంది 1591 అక్టోబరులోనే. వెయ్యేళ్లు నిండుతున్న వేళ కొత్త నగరానికి గుర్తుగా ఇది లేచిందన్న మాట నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఒక్కో మినార్ ఎత్తు దాదాపు 160 అడుగులు. పై అంతస్తు దాకా 149 మెట్లు ఉన్నాయి. పర్యాటకులను మొదటి అంతస్తు వరకే పంపిస్తారు. అన్నింటికంటే పైన, పడమటి వైపున మసీదు ఉంది, కింద నుంచి చూసేవాళ్లకు ఆ సంగతే తెలియదు. మెట్లు ఇరుకు, ఒక్కో మెట్టు ఎత్తు కూడా ఎక్కువే. మోకాళ్ల నొప్పులున్న నానీ, దాదీలను ఎక్కించకండి, కింద కూర్చోబెట్టి టీ ఇప్పించండి. నాలుగు వైపులా కనిపించే గడియారాలు కుతుబ్ షాహీల కాలానివి కావు, 1889లో పెట్టినవి. పిల్లలు విసుక్కుంటే వాళ్లకు ఒక పని చెప్పండి: కమాను మీద చెక్కిన చిన్న పిల్లి తల ఎక్కడుందో వెతకమనండి. పది నిమిషాలు ప్రశాంతంగా గడుస్తాయి.

చార్మినార్ నుంచి ఉత్తరంగా నడిస్తే నాలుగు పెద్ద కమాన్లు వస్తాయి. వీటినే చార్ కమాన్ అంటారు, 1592 నాటివి. మధ్యలో గుల్జార్ హౌజ్. చార్మినార్ వైపుది చార్మినార్ కమాన్, ఉత్తరాన మఛ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమటి కమాను దాటి లోపలికి వెళ్తే ఒకప్పుడు సుల్తాను మహల్ ఉండేది. ఆ మహల్ ఇప్పుడు ఆనవాలు లేదు. పడమటి కమాను వైపు ఈరోజు బంగారం, వెండి దుకాణాలు, కరెంటు తీగలు, బైకుల పార్కింగ్. కమాను గోడకే మేకులు కొట్టి సామాను వేలాడదీసినప్పుడు చూస్తే బాధేస్తుంది.

ఇక్కడే, దుకాణాల వెనక దాగి ఉన్నట్టు, 1597 నాటి జామా మసీదు ఉంది. మక్కా మసీదు పేరు తెలిసినవాళ్లలో వందకు తొంభై మందికి దీని పేరు తెలియదు. హైదరాబాద్ నగరంలో కట్టిన తొలి మసీదుల్లో ఇదొకటి. అసర్ నమాజు ఇక్కడ చదవండి. బయట అంత గోలలో ఉన్నామన్నది లోపల రెండు నిమిషాల్లో మర్చిపోతాం.

మక్కా మసీదు

1617లో ఆరో సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా పునాది వేశాడు, 1694లో ఔరంగజేబు పూర్తి చేయించాడు. మొదలుపెట్టిన రాజ్యం ఒకటి, ముగించిన రాజ్యం ఇంకోటి. మధ్యలో డెబ్బై ఏడేళ్లు. ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే ఆ పని జరుగుతుండగా ఇక్కడికి వచ్చి, రాళ్ల పరిమాణం చూసి ఆశ్చర్యపోయి తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. మధ్య కమాను కోసం మక్కా నుంచి తెచ్చిన మట్టితో ఇటుకలు చేశారని, అందుకే ఆ పేరు వచ్చిందని చెప్తారు. ఒకేసారి పది వేల మంది నమాజు చదవగలరు. రంజాన్ చివరి జుమా, అంటే జుమఅతుల్ విదా రోజున ఆ లెక్క కూడా చాలదు, సఫ్‌లు బయటి రోడ్డు మీదికి, చార్మినార్ దాకా పోతాయి.

ఆవరణలో ఎడమ వైపున పొడవాటి మండపంలో ఆసఫ్ జాహీల సమాధులున్నాయి. రెండో నిజాం నిజాం అలీ ఖాన్ నుంచి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాకా ఐదుగురు ఇక్కడే ఉన్నారు. మొదటి నిజాం ఔరంగాబాద్ దగ్గర ఖుల్దాబాద్‌లో, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్ కోఠీ ఎదురుగా మస్జిదె జూదీలో ఉన్నారు. ఏడో నిజాం మనవడు ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోతే ఆయన్నీ ఇక్కడికే తెచ్చారు. ఆ రోజు జనాజా చౌమహల్లా నుంచి మక్కా మసీదుకు వచ్చింది. తరాల తరబడి రాజ్యమేలిన కుటుంబంలో చివరగా పట్టం కట్టుకున్న మనిషికి దొరికింది తాతల పక్కన ఆరడుగుల చోటు.

2007 మే 18 జుమా రోజును పెద్దవాళ్లు ఇంకా మర్చిపోలేదు. ఆవరణలో బాంబు పేలింది, నమాజుకు వచ్చినవాళ్ల ప్రాణాలు పోయాయి. గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, సంచులు తక్కువ తీసుకెళ్లండి. ఇది చూడటానికి వచ్చే కట్టడం కంటే ముందు మసీదు. నమాజు వేళల్లో ఫోటోల కోసం తిరగకండి. ఆడవాళ్లు ఎంతవరకు వెళ్లవచ్చో గేటు దగ్గరే అడిగితే అక్కడి వాళ్లు చెప్తారు.

లాడ్ బజార్

చార్మినార్ పడమటి వీధి ఇది. గాజుల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, మా ఇంట్లో ఆడవాళ్లు నాకంటే బాగా చెప్తారు. కానీ ఎలా చేస్తారో చూశారా? లక్కను బొగ్గుల కుంపటి మీద మెత్తబరిచి, తీగలా సాగదీసి, లోహపు చుట్టు మీద అద్దుతారు. అది ఇంకా వేడిగా ఉండగానే చిన్న చిన్న రాళ్లు, అద్దం ముక్కలు ఒక్కొక్కటి చేత్తో అతికిస్తారు. చల్లారితే రాయి కూర్చోదు, మళ్లీ కాచాలి. వేళ్లు కాలడం మామూలే. ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది మన కుటుంబాలే, చాలాచోట్ల ఇళ్లలోనే భార్యాభర్తలు కలిసి చేస్తారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. బేరం ఆడండి, అది బజారు ధర్మం. కాకపోతే ఒక్కో రాయీ చేత్తో పెట్టిన జతకు, అచ్చులో పోసిన ప్లాస్టిక్ జతకు ఒకే ధర అడగొద్దు. చేతిపని గాజును దగ్గరగా చూస్తే రాళ్ల వరస ఎక్కడో ఒకచోట కొంచెం వంకరగా ఉంటుంది, అచ్చు గాజులో ఉండదు.

బజారు చివర మహబూబ్ చౌక్, అక్కడ 1892లో పైగా నవాబు ఆస్మాన్ జా కట్టించిన గడియారం స్తంభం. కొంచెం అటూ ఇటూ గల్లీల్లో తిరిగితే ఎక్కడో సుత్తి దెబ్బలు ఆగకుండా వినిపిస్తాయి. వెండిని కొట్టి కొట్టి మిఠాయి మీద వేసే వర్ఖ్ తయారుచేసేవాళ్లు వాళ్లు. ఆ చప్పుడు నా చిన్నప్పుడు ఎక్కువ వినిపించేది. పెళ్లి కార్డులు కావాలంటే మాత్రం ఛత్తా బజార్‌కు వెళ్లాలి, ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ మూడింట్లోనూ అచ్చు వేస్తారు, ఖత్ రాసే ఖుష్‌నవీస్‌లు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. తెలుగు మాట్లాడితే ఇక్కడ పని జరగదేమో అని జిల్లాల నుంచి వచ్చేవాళ్లు మొహమాటపడతారు. అలాంటిదేం లేదు. దుకాణదారుల్లో చాలామందికి తెలుగు వచ్చు, రానివాళ్లు కూడా బేరం దగ్గర నేర్చేసుకుంటారు.

చౌమహల్లా

లాడ్ బజార్ నుంచి నడిచి వెళ్లేంత దూరం, ఖిల్వత్‌లో ఉంది. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ మొదలుపెట్టాడు, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, అంటే 1857 నుంచి 1869 మధ్య, పూర్తయింది. అఫ్జల్ మహల్, మహతాబ్ మహల్, తహనియత్ మహల్, ఆఫ్తాబ్ మహల్, ఈ నాలుగింటి వల్లే ఆ పేరు. దర్బారు జరిగే హాలు ఖిల్వత్ ముబారక్. పైనుంచి 19 బెల్జియం షాండిలియర్లు వేలాడుతుంటాయి, పాలరాతి తఖ్త్ ఉంది. పిల్లలు మాత్రం నేరుగా పాత కార్ల దగ్గరికి పరిగెత్తుతారు, అక్కడ పసుపురంగు రోల్స్ రాయిస్ ఉంది.

నేను కామర్స్ చదివినవాణ్ణి. ఏ భవనం చూసినా దీనికి డబ్బు ఎవరు పెట్టారు, ఇప్పుడు నడిపే ఖర్చు ఎక్కడి నుంచి వస్తోంది అన్న ప్రశ్నే మొదట వస్తుంది. చౌమహల్లా ఒకప్పుడు 45 ఎకరాలు. ఇప్పుడు పన్నెండు, పద్నాలుగు ఎకరాలే మిగిలింది. ఏడో నిజాం తర్వాత పంచాయితీలు, కోర్టు కేసులు, పన్నుల గొడవల్లో తాళాలు పడి, పైకప్పులు కారి, గోడల మీద చెట్లు మొలిచాయి. ముకర్రం జా మొదటి భార్య ప్రిన్సెస్ ఎస్రా పట్టుబట్టి మరమ్మతు చేయించాకే 2005లో జనానికి తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. ఎవరో ఒకరు కూర్చుని పని చేయిస్తే శిథిలం కూడా తిరిగి లేస్తుందనడానికి మన కళ్ల ముందున్న రుజువు ఇది.

దీనికి పూర్తిగా ఎదురు కథ చార్మినార్ దగ్గరే ఉంది. పేరు సర్దార్ మహల్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1900లో తన బేగంల్లో ఒకరైన సర్దార్ బేగం కోసం కట్టించాడు. ఆమెకు నచ్చలేదు, అందులో ఉండనే లేదు. చివరికి పన్ను బకాయిల కింద 1965లో మున్సిపల్ కార్పొరేషన్ స్వాధీనం చేసుకుంది. బేగం వద్దన్న మహల్‌లో జనం ఏళ్ల తరబడి మున్సిపల్ పనుల కోసం లైన్లు కట్టారు.

పత్తర్‌గట్టీ నుంచి మూసీ దాకా

గుల్జార్ హౌజ్ దాటి ఉత్తరంగా పోతే రెండు వైపులా ఒకే తీరులో రాతి కమాన్లతో దుకాణాల వరస, అదే పత్తర్‌గట్టీ. ముత్యాలు, అత్తర్లు, షేర్వానీలు ఇక్కడ. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద సగం ఊరిని తుడిచిపెట్టేసింది. ఆ తర్వాత నగరాన్ని కొత్తగా దిద్దడానికి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. పత్తర్‌గట్టీ, నది ఒడ్డున హైకోర్టు, అవతల ఉస్మానియా ఆస్పత్రి, అన్నీ ఆ కాలపు పనులే. పైన మళ్లీ వరద రాకుండా ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. పక్కనే మదీనా బిల్డింగ్. దాని అద్దెలు ఒకప్పుడు మదీనా షరీఫ్‌లోని పేదలకు వెళ్లేవని, అందుకే ఆ పేరని అంటారు.

మదీనా సర్కిల్ దగ్గరే బాద్షాహీ ఆషూర్‌ఖానా. 1594 నాటిది. పాతబస్తీలో ఒకే ఒక్క గది చూసే టైమ్ ఉంటే ఏది చూడాలని ఎవరైనా అడిగితే నేను చార్మినార్ పేరు చెప్పను, దీని పేరు చెప్తాను. లోపలి గోడల నిండా ఇరానీ పద్ధతి ఎనామెల్ పలకలు. పసుపు, నీలం, ఆకుపచ్చ, అంత చిక్కటి రంగులు నాలుగు వందల ఏళ్ల నాటివంటే నమ్మబుద్ధి కాదు. కింది భాగంలో కొంతమేర పలకలు ఉండవు, రంగు పూసి పలకల్లా కనిపించేలా గీశారు. 1908 వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గోడే చెప్తుంది. ఇది షియా సోదరుల ఇబాదత్ స్థలం, ముహర్రం రోజుల్లో మాతం, మజ్లిస్ జరుగుతాయి. చెప్పులు విప్పి, తల కప్పుకుని, అనుమతి అడిగి వెళ్లండి. ముహర్రం పదో తారీఖున దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి బీబీ కా అలం ఏనుగు మీద బయలుదేరుతుంది. ఆ జులూస్‌కు ఊరంతా కదులుతుంది, సున్నీలు, హిందువులు కూడా దారి పొడవునా నిలబడతారు.

అక్కడి నుంచి దారుషిఫా దగ్గర. ముహమ్మద్ కులీ 1595లో కట్టించిన యునానీ ఆస్పత్రి అది. రోగులకు మందులు, విద్యార్థులకు చదువు రెండూ అక్కడే. ఊరు పుట్టి నాలుగేళ్లు కాకముందే మసీదు, బజారు, ఆస్పత్రి మూడూ కట్టారంటే ఆలోచించండి. ఇప్పుడు ఆ పాత గదులు శిథిలమై, ఆక్రమణల మధ్య ఇరుక్కుపోయి ఉన్నాయి. చూడటానికి పెద్దగా ఏమీ లేదు, కానీ అటు వెళ్తున్నప్పుడు ఒక్క నిమిషం ఆగండి.

సాలార్ జంగ్ మ్యూజియానికి మాత్రం కనీసం మూడు గంటలు ఉంచండి. మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1912లో, ఇరవై మూడేళ్ల వయసులో నిజాంకు దివాన్ అయ్యాడు, రెండేళ్లకే వదిలేశాడు. పెళ్లి చేసుకోలేదు. జాగీరు ఆదాయమంతా వస్తువుల మీదే పెట్టాడు. 1949లో చనిపోతే వారసులు లేరు. 1951 డిసెంబరు 16న ఆయన ఇల్లు దివాన్ దేవ్డీలోనే నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు, 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ అయింది, 1968లో ఇప్పటి భవనంలోకి మారింది. ఆయన బతికుండగా ఆ ఖర్చు చూసి ఎంతమంది ముక్కున వేలేసుకున్నారో తెలియదు గానీ, లెక్కల మనిషిగా నాకనిపించేది, ఆ డబ్బు వేరే ఎక్కడ పెట్టినా ఈపాటికి మిగిలేది కాదు.

గదులు చాలా ఉన్నాయి, అన్నీ చూస్తే కాళ్లు పడిపోతాయి. ఖురాన్‌లు, చేతిరాత ప్రతులున్న గదిని మాత్రం వదలకండి. బాగ్దాదు ఖత్తాత్ యాఖూత్ అల్ ముస్తాసిమీ రాసిన ఖురాన్ ప్రతి ఈ మ్యూజియం సొత్తు, దాని మీద జహంగీర్, షాజహాన్, ఔరంగజేబు ముగ్గురి సంతకాలున్నాయి. ముసుగు రెబెక్కా బొమ్మ దగ్గర ఎప్పుడూ గుంపే. ఇటలీ శిల్పి జొవాన్నీ బెంజోనీ పాలరాతిలో చెక్కాడు, 1876లో మొదటి సాలార్ జంగ్ యూరప్ వెళ్లినప్పుడు రోమ్‌లో కొన్నాడు. రాతిలోనే చెక్కిన ఆ పల్చటి ముసుగు వెనకనుంచి ముఖం కనిపిస్తుంది. రోమ్ ట్రిప్పుకు లక్షలు పెట్టే స్తోమత మనలో ఎంతమందికి ఉంది? ఆ నగరపు పనితనంలో ఒక ముక్క మూసీ ఒడ్డుకే వచ్చి కూర్చుంది. మా చిన్న చెల్లెలు దాన్ని చూసి, "నిఖాబ్ గుడ్డదే కదా, ముట్టుకోనా?" అని అడిగింది.

గంట కొట్టే గడియారం సంగతి పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. గంటకు మూడు నిమిషాల ముందు చిన్న బొమ్మ బయటికొచ్చి, టైమ్ కాగానే గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండు గంటలప్పుడు ఎక్కువ దెబ్బలు కాబట్టి జనం ముందే వచ్చి కూర్చుంటారు. మీరు పదిన్నరకల్లా లోపలికి వెళ్తే పన్నెండుకు అక్కడికి చేరుకోవచ్చు, ఆ తర్వాత జొహర్‌కు బయటికి రావచ్చు.

మ్యూజియం నుంచి దూరం కాదు పురానీ హవేలీ. ఆరో నిజాం బట్టల బీరువా ఒక్కటే చూసినా వచ్చిన పని అయినట్టే. అది బీరువా అనాలో వీధి అనాలో తెలియదు, పొడవైన హాలు నిండా చెక్కతో రెండంతస్తులు. పక్కనున్న నిజాం మ్యూజియంలో ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన కానుకలు పెట్టారు. వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా ఒకటి 2018 సెప్టెంబరులో దొంగలు ఎత్తుకెళ్లారు, కొద్ది రోజుల్లోనే పోలీసులు పట్టుకుని తెచ్చారు. కాపలావాళ్లను అడిగితే ఆ కథ హుషారుగా చెప్తారు. 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం హవేలీ దగ్గరే ఉండేది. వేడి నాన్ దొరికితే కొనుక్కుని తింటూ నడవండి.

ఇంకో రోజు ఉంటే

పీసల్ బండాలోని పైగా సమాధులు చాలామంది చూడరు. నిజాం తర్వాత అంతటి హోదా ఉన్న కుటుంబం పైగాలది, నిజాం ఇంటి ఆడపిల్లలను పెళ్లి చేసుకునేవాళ్లు. పద్దెనిమిదో శతాబ్దం చివర నుంచి ఆ కుటుంబం వాళ్లు ఇక్కడ ఉన్నారు. గచ్చుతో చేసిన పూలు, పాలరాతి జాలీలు చూసి తీరాలి, ఏ రెండు జాలీల డిజైనూ ఒకేలా కనిపించదు. ఇరుకు గల్లీల్లోంచి వెళ్లాలి, ఆటో వాళ్లకు కూడా సంతోష్ నగర్ అని చెప్పి తర్వాత దారి అడుగుతూ పోవాలి.

ఫలక్‌నుమా కథ కూడా పైగాలదే. వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి 1893కల్లా కట్టించాడు. ఇటలీ పాలరాయి, నూటొక్క మంది కూర్చునే భోజనాల బల్ల. అప్పుల్లో కూరుకుపోయి చివరికి ఆరో నిజాంకు అప్పగించాల్సి వచ్చింది. బీకాంలో ఎన్నో బ్యాలెన్స్ షీట్లు చదివాను గానీ, అంతకంటే మంచి పాఠం కొండ మీద నిలబడి కనిపిస్తుంది. 2010 నుంచి అది తాజ్ హోటల్. లోపలికి వెళ్లాలంటే ముందుగా బుక్ చేసుకోవాలి, ఖర్చు మామూలు కుటుంబానికి అందేది కాదు. కింద నుంచి చూసి ముందుకు సాగితే నష్టమేమీ లేదు.

పిల్లలుంటే నెహ్రూ జూ పార్కు తప్పదు. 1963లో తెరిచారు, 380 ఎకరాలు. దాని పక్కనున్న మీర్ ఆలం చెరువును చాలామంది పట్టించుకోరు. 1806 నాటి ఆ ఆనకట్ట 21 అర్ధచంద్రాకార కమాన్లతో కట్టింది, ఇంజనీరింగ్ చదివే పిల్లలకు తప్పక చూపించాలి. ఇంకా దక్షిణంగా పోతే బర్కస్. ఇంగ్లిష్ బ్యారక్స్ మాటే అలా మారింది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల మనవలు, ముని మనవలు ఇక్కడ ఉంటారు. పెద్ద తట్టలో నలుగురు కూర్చుని తినే మందీ వాళ్ల దగ్గరి నుంచే ఊరంతటికీ పాకింది.

తిండి గురించి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. చార్మినార్ నీడలో నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తీసుకోండి. మదీనా దగ్గర షాదాబ్, నయాబ్ ఉన్నాయి, పొద్దునైతే నిహారీ, నాన్, మధ్యాహ్నమైతే బిర్యానీ. హలీంకు 2010లోనే జీఐ గుర్తింపు వచ్చింది, కానీ అసలు రుచి రంజాన్‌లోనే. రంజాన్‌లో వస్తే ఒక మాట: పగలు కట్టడాలు చూసే ఓపిక ఉండదు, తరావీహ్ తర్వాత బజారు సహరీ దాకా ఉంటుంది. చూడటానికి ఒకసారి, కొనడానికి ఒకసారి రావడమే మేలు.

దారి విషయం. మెట్రోలో వస్తే ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగాలి, జిల్లా బస్సుల స్టాండ్ కూడా అక్కడే. అక్కడి నుంచి సాలార్ జంగ్ మ్యూజియం దగ్గర, చార్మినార్ ఆటోలో పది, పదిహేను నిమిషాలు. సొంత కారు తెచ్చుకుంటే చార్మినార్ దగ్గరకు రానివ్వరు, పార్కింగ్ కోసం తిరగడానికే అరపూట పోతుంది. పొద్దున మ్యూజియంతో మొదలుపెట్టి, జొహర్ తర్వాత పురానీ హవేలీ, అసర్‌కు జామా మసీదు, మగ్రిబ్ మక్కా మసీదులో, ఇషా దాకా లాడ్ బజార్. రెండో రోజు పొద్దున చార్మినార్ ఎక్కి, చౌమహల్లా చూసి, మధ్యాహ్నం నుంచి పైగా సమాధులో జూ పార్కో పెట్టుకోండి. ఆడవాళ్ల నమాజుకు, వుజూకు చోటు అన్ని మసీదుల్లో ఉండదు. మ్యూజియం లోపలి వాష్‌రూమ్‌లు వాడుకుని బయటికి రావడం మంచిది, బజారులో ఆ సౌకర్యం వెతుక్కోవడం కష్టం.

మా ఖాలా వాళ్లు పెళ్లి తర్వాత మళ్లీ వస్తామన్నారు. ఈసారి టికెట్లు నేనే చూస్తానని చెప్పాను. శనివారం పొద్దున దిగేలా.